‘చెల్లించు’ అన్న మాటకు కర్త

ఓబులేసు కలం ‘చెల్లించు’ అన్న మాట దగ్గర ఆగిపోయి నలభై రోజులైంది.

నిఘంటువు మొదలుపెట్టాక అంతకు ముందు ఎక్కడా ఆగలేదు. ‘అ’తో మొదలుపెట్టి అచ్చులన్నీ దాటి, కకారం నుంచి ఒక్కో గుణింతమూ ఈదుకుంటూ ‘చె’ దాకా వచ్చాడు. రోజుకు మూడు నాలుగు మాటలు, ఉత్సాహంగా ఉన్న రోజు ఐదారు. మాట, దాని అర్థం, అది పుట్టిన తీరు, జనం నోట్లో తిరిగే తీరు, అన్నీ చిన్న చిన్న చీటీల మీద రాసి, దారంతో కట్టి, తగరపు పెట్టెలో పెట్టేవాడు. అలాంటివాడు ఇప్పుడు పొద్దున్నే సిరాబుడ్డి మూత తీయడం, సాయంత్రం మూత పెట్టేయడం. మధ్యలో ఏమీ లేదు.

మాట చాలా పెద్దది, అందుకే ఆగాను అని అతను చెప్పుకునేవాడు. మనకు మనం చెప్పుకునే కారణాలు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటాయి.

అసలు సంగతి దాని ముందున్న మాటది. వరసలో ‘చెల్లించు’కు ముందు వచ్చే మాట ‘చెల్లి’. మూడేళ్ళ పిల్లలు కూడా అర్థం చెప్పగలిగిన మాట. ఓబులేసు ఆ చీటీ మీద మాట రాశాడు. గడువు చెల్లి, కాలం చెల్లి అంటామే, ఆ అర్థం చకచకా రాసేశాడు. ‘అయిపోయి, ముగిసి’ అని. రెండో అర్థానికి చోటు వదిలి, ‘తర్వాత’ అని పెట్టి చీటీని పక్కకు నెట్టాడు. అక్కడి నుంచి కలం కదలలేదు.

అతను ఉండేది హంద్రీ ఒడ్డున, నల్లరేగడి చేల మధ్య, లాలప్ప తాత కొట్టంలో. లాలప్ప దూదేకుల ఆయన. పాతబడి గట్టిపడిన పరుపులు జనం తెచ్చి ఆయన ముందు పడేస్తారు. ఆయన వాటిని విప్పి, లోపల గడ్డకట్టిన దూదిని పెద్ద విల్లుతో ఏకి, మళ్ళీ మెత్తగా చేసి పంపిస్తాడు. విల్లు తాడు పొద్దంతా టంగ్ టంగ్ అని మోగుతుంటుంది. దూది పింజలు లేచి కొట్టమంతా తేలుతుంటాయి. కప్పులో సందుల గుండా ఎండ దిగితే, ఆ ఎండలో అవి ఎటూ పోకుండా, కిందికి రాకుండా అలాగే ఉండిపోతాయి. అక్కడ కాసేపు కూర్చుంటే ఇది ఏ నెలో, ఏ వారమో మరిచిపోతాం.

ఆయన దగ్గరికి పరుపులు తెచ్చేవాళ్ళే కాదు, మనసు బాగాలేనివాళ్ళూ వచ్చేవారు. ఆయన వాళ్ళకేమీ బోధించేవాడు కాదు. ‘కూచ్చో’ అనేవాడు. కొందరు మధ్యాహ్నం దాకా కూర్చుని లేచిపోయేవారు. ఓబులేసు ఎనిమిదేళ్ళుగా కూర్చునే ఉన్నాడు. తాతకు చదువు లేదు. ఓబులేసుకు చదువు తప్ప ఇంకేమీ లేదు. ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఓబులేసుకు ఉన్న ఒకే ఒక్క తోబుట్టువు సుంకమ్మ. తల్లి పోయినప్పుడు ఆమెకు ఆరేళ్ళు. అన్నే తల దువ్వాడు, అన్నే బువ్వ కలిపి పెట్టాడు, అన్నే పెళ్ళి చేశాడు. ఆ తర్వాత అతను పల్లె పల్లె తిరిగి మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఏరిన మాటల చీటీలన్నీ చెల్లెలి ఇంట్లో, అటక మీద పెట్టెల్లో దాచేవాడు. పన్నెండేళ్ళ మాటలు. ఇరవై వేల పైచిలుకు.

ఒక ఏడు వానాకాలమంతా అతను ఏటి అవతలి ఊళ్ళలో ఉండిపోయాడు. ఇక్కడ చెల్లెలి ఇంట్లో చేటలు పాతబడి బద్దలు లేచాయి. ఆ సీమలో ఆడవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి మెత్తగా రుబ్బి, ఆ గుజ్జు చేటలకు పూసి ఎండబెడతారు. చేట గట్టిపడుతుంది, పురుగు పట్టదు. సుంకమ్మకు అక్షరం ముక్క రాదు. అటక మీద పెట్టెల నిండా చిరుగు కాగితాలు. అన్న ఏదో రాసుకుని, పని అయిపోయి పడేశాడనుకుంది. రెండు రోజులు నానబెట్టింది. తన ఇంటికే కాదు, వీధిలో పదకొండు ఇళ్ళకు చేటలు పూసిచ్చింది. ‘మా అన్న కాగితాలు, మంచి కాగితాలు’ అని గొప్పగా చెప్పుకుంది కూడా.

ఓబులేసు తిరిగొచ్చేసరికి వీధి వీధంతా అతని మాటలతో జొన్నలు చెరుగుతున్నారు. ఒక చేట అంచున ‘ఉ’ అన్న అక్షరం ఒకటి ఇంకా కనిపిస్తూనే ఉందట.

ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది. ఆ రోజు అతను నవ్వలేదు. ఇల్లంతా చూశాడు, అటక ఎక్కి ఖాళీ పెట్టెలు చూశాడు, దిగి వచ్చి ఒక్క మాట అన్నాడు. ‘ఇంగ నీకూ నాకూ చెల్లు’ అన్నాడు. అని, గడప దాటాడు. ఏడాది పాటు ఎక్కడెక్కడో తిరిగి చివరికి లాలప్ప కొట్టంలో తేలాడు. అక్కడే మళ్ళీ ‘అ’ నుంచి మొదలుపెట్టాడు.

అన్న ఎక్కడున్నాడో తెలిశాక సుంకమ్మ ఏటా ఒకసారి వచ్చేది. పత్తి తీతలు అయ్యాక, శుక్రవారం సంత రోజున. మొదటి ఏడు వేరుశనగ మూట తెచ్చింది. ఓబులేసు తలుపు చాటు నుంచే అన్నాడు.

“పోయిన మాటలకు శెనక్కాయలు బదులా? నా మాటలు నాకు తెచ్చియ్యి, తీసుకుంటా.”

రెండో ఏడు రెండు దస్తాల తెల్లకాగితం తెచ్చింది. మూడో ఏడు తనే కుట్టిన బొంత తెచ్చింది. వాటికి జవాబు కూడా లేదు. ఆమె వస్తున్న రోజు అతను పొద్దున్నే ఏటి ఒడ్డుకు పోయి, ఆమె వెళ్ళాక వచ్చేవాడు. నాలుగో ఏడు నుంచి ఆమె ఖాళీ చేతులతో రావడం మొదలుపెట్టింది. వచ్చి, పత్తి బస్తాల నీడలో పొద్దువాలేదాకా కూర్చుని పోయేది. లాలప్ప ఆమెకు రొట్టె పెట్టించి, నీళ్ళిచ్చి పంపేవాడు. ఈ ఎనిమిదేళ్ళలో ఆయన ఓబులేసుతో ఆమె సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

తెచ్చింది తీసుకోనందుకు ఓబులేసు తనలో తను కాస్త గర్వపడేవాడని కూడా చెప్పాలి. తనకు జరిగిన నష్టం ఇంతా అంతా కాదు, దాన్ని ఏదీ పూడ్చలేదు అన్న ఆలోచన అతనికి ఒక ఆస్తి అయిపోయింది. ఎవరి ఆస్తి వాళ్ళు ఊరికే వదులుకోరు.

ఈ ఏడు సంతకు రెండు రోజుల ముందు, సుంకమ్మ వాళ్ళ ఊరి రైతు ఒకాయన పరుపు ఏకించుకోవడానికి వచ్చాడు. పరుపు దించుతూ ఓబులేసు వైపు చూసి చెప్పాడు.

“మీ సుంకమ్మ వాళ్ళు ఊరిడిసి పోతాండారు సామీ. తుంగభద్ర కాలవ కింద భూమి దొరికిందంట. ఎనుములు కూడా అమ్మేసినారు. శుక్రవారం ఈడికొచ్చి, శనివారం బండి కడతారంట. ఇంగ ఇదే ఆఖరు అనె.”

రైతు వెళ్ళాక కొట్టంలో విల్లు మోత ఒక్కటే వినబడింది. ఓబులేసు సిరాబుడ్డి మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

“పోనీ,” అన్నాడు, ఎవరూ అడగకుండానే. “తనకూ నాకూ ఎప్పుడో చెల్లు.”

విల్లు ఆగింది.

“ఆ మాట నీ పుస్తకంలో ఎక్కించినావా?” అని అడిగాడు లాలప్ప.

“ఆడనే ఆగినా తాతా. చాన పెద్ద మాట అది.”

“పెద్దదంటే ఎంత పెద్దది? చెప్పు ఇనం.”

చాలా రోజుల తర్వాత ఓబులేసు ముఖంలో వెలుగొచ్చింది. మాటల గురించి చెప్పమంటే అతనికి ఆకలి కూడా గుర్తుండదు. బాసింపట్టు వేసుకుని సర్దుకున్నాడు.

“చెల్లు అంటే మొదట్లో పోవడం తాతా, సాగడం. అరవంలో ఇప్పటికీ ‘సెల్’ అంటే వెళ్ళడమే. మన దాంట్లో అది మెల్లిగా అర్థాలు మార్చుకుంది. నాణెం నలుగురి చేతుల్లో సాగిపోతే, చెల్లింది అంటాం. కాలం గడిచిపోతే గడువు చెల్లింది అంటాం. పెద్దమనిషి చెప్పింది పది మందీ వింటే ఆయన మాట చెల్లింది. మనిషి చచ్చిపోతే నూకలు చెల్లినాయి. ఎవురన్నా ఒక పని వాళ్ళకే సాధ్యం అన్నట్టు చేస్తే, అది నీకే చెల్లింది అంటాం. ఇవన్నీ వాటంతట అవే జరిగే పనులు. దానికి ‘ఇంచు’ తగిలిస్తే చెల్లించు. ఒకడు పూనుకుని పోయేటట్టు చెయ్యడం. శిస్తు చెల్లించడం, మొక్కు చెల్లించడం.”

“పూనుకునేది ఎవురు?”

“ఇచ్చేటోడు. వాడే కర్త.”

“మరి తీసుకునేటోడు?”

ఓబులేసు నవ్వాడు. “వాడు ‘కి’ తగిలించుకోని ఒక పక్కన కూచ్చుంటాడు తాతా. వానికి, వీనికి, రాజుకి, దేవునికి. ఈ మాటలో వానికి పని లేదు.”

“ఓహో,” అన్నాడు లాలప్ప. మళ్ళీ విల్లు అందుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే తాత అతన్ని పిలిచి, చేతిలో ఒక బిళ్ళ పెట్టాడు. పాతకాలపు వెండి బిళ్ళ. రెండు వైపులా అరిగి నున్నగా అయిపోయింది. ఏ రాజు ముఖముండేదో, ఏ ఏడు అచ్చయిందో ఏమీ తెలియడం లేదు.

“సంతకు పోయి దీన్ని చెల్లించి రా.”

“ఏం తేవాల తాతా?”

“ఏమీ తేవద్దు. చెల్లిస్తే చాలు.”

ఓబులేసు సంతోషంగానే బయల్దేరాడు. ఎలాగూ ఆ పూట సుంకమ్మ వస్తుంది, కొట్టంలో ఉండకూడదు. ఏటి ఒడ్డున ఒక్కడే కూర్చోవడం కన్నా సంత నయం అనుకున్నాడు.

సంత మంచి జోరు మీద ఉంది. పత్తి బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. బండ్ల మీద నుంచి పింజలు ఎగిరి మనుషుల తలల మీద, మిరపకాయ రాశుల మీద, ఎద్దుల వీపుల మీద వాలుతున్నాయి. దూరంగా ఉన్న చేలు ఎండకు నీళ్ళల్లో ఉన్నట్టు కదులుతున్నాయి. ఓబులేసు మొదట ఉప్పు అమ్మే ఆమె దగ్గర ఆగాడు. ఒక శేరు ఉప్పు అడిగి, బిళ్ళ చాచాడు.

ఆమె బిళ్ళను ఇటూ అటూ తిప్పింది. “ఇది ఏ రాజుదప్పా? మొగమే లేదే,” అని తిరిగి అతని చేతిలోనే పెట్టేసింది.

తమలపాకుల సాయిబు దాన్ని రాయి మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “మోగదు,” అన్నాడు.

“మోగకపోతే ఏమి? వెండి కదా. తూకానికైనా విలువుంటాది,” అన్నాడు ఓబులేసు.

“ఉండనీ సామీ. నీ విలువ నీ కాడే ఉండనీ.”

గాజులామె నవ్వి ఊరుకుంది. బెల్లం కొట్టువాడు చెయ్యి కూడా చాచలేదు, దూరం నుంచే తల అడ్డంగా ఊపాడు. ఓబులేసు వాళ్ళకు చెప్పి చూశాడు. పూర్వం ఈ బిళ్ళతో ఆవును కొన్నారన్నాడు. నాణెం అంటే ఏమిటి, చెలామణి అంటే ఏమిటి అని కూడా మొదలుపెట్టాడు. బేరాల మధ్య ఎవరికి ఓపిక? పక్కకు జరగమన్నారు. పండితుడనుకున్నవాళ్ళు కాస్త మర్యాదగా జరగమన్నారు, అంతే తేడా.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇక సరుకు అడగడం మానేశాడు. ఊరికే ఇచ్చేద్దామనుకున్నాడు. సంత చివర చింతచెట్టు కింద ఒక గుడ్డి ఫకీరు కూర్చుని ఉన్నాడు. ఓబులేసు వంగి బిళ్ళను ఆయన చేతిలో పెట్టాడు. ఫకీరు బొటనవేలితో దాన్ని రెండు వైపులా తడిమాడు. తడిమి, ఓబులేసు చెయ్యి వెతికి పట్టుకుని, బిళ్ళ అందులో పెట్టి, అతని వేళ్ళను ఒక్కొక్కటే మూసేశాడు.

“ఊరికే ఇస్తున్నా బాబా,” అన్నాడు ఓబులేసు.

“నువ్వు ఊరికే ఇస్తాండావు నాయనా. నేను తీసుకోవాల కదా,” అన్నాడు ఫకీరు.

ఓబులేసు మూసిన పిడికిలితో సంత మధ్యకు వచ్చి నిలబడ్డాడు. బిళ్ళ చెమటకు తడిసి వేడెక్కింది. చుట్టూ జనం పోతున్నారు, వస్తున్నారు. కేకలు వేస్తున్నారు, బేరాలాడుతున్నారు. ఎందుకో ఆ చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు తోచింది. ఒక పింజ అతని ముందు తేలుతూ వచ్చి ఆగింది. అతనికి సిగ్గుగా, ఏడుపు వచ్చేలా ఉంది. ఇంత చిన్న బిళ్ళకు ఇంత బాధేమిటని తన మీద తనకే కోపం వచ్చింది.

“తీసుకుంటే వీళ్ళ సొమ్మేం పోతుంది?” అని పైకే అనేశాడు.

అన్నాక, ఆ మాట తన చెవికే వినబడింది. ఎవరిదో బండి వచ్చి, ఆ బండివాడు పక్కకు పొమ్మని అరిచాక కదిలాడు. కొట్టం వైపు నడిచాడు.

సుంకమ్మ అప్పటికే వచ్చి పత్తి బస్తాల నీడలో కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత అతను ఆమెను చూడటం అదే. ముందరి జుట్టు తెల్లబడింది. చెంపలు లోపలికి పోయాయి. అడుగుల చప్పుడుకు తలెత్తి, అతన్ని చూసి, ఏమంటాడో అని గబుక్కున తల దించుకుంది. ఓబులేసు ఆమె పక్క నుంచే లోపలికి వెళ్ళాడు.

లాలప్ప దూది మధ్య కూర్చుని ఉన్నాడు.

“చెల్లించినావా?”

“లేదు తాతా. చెల్లలే.”

“ఎందుకు చెల్లలే? కర్తవు నువ్వే కదా. నువ్వు ఇయ్యలేదా?”

“ఇచ్చినా. పొద్దుట్నించి ఇస్తానే ఉండా. తీసుకునేటోడు లేడు.”

“తీసుకునేటోనికి పని లేదంటివే,” అన్నాడు లాలప్ప. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగాడు.

కప్పు సందుల్లోంచి ఎండ దిగుతోంది. ఆ ఎండలో పింజలు నిలబడి ఉన్నాయి.

లాలప్ప విల్లు పక్కన పెట్టాడు. చేతులకున్న దూదిని తువ్వాలుతో తుడుచుకున్నాడు. మోకాళ్ళ మీద కాస్త ముందుకు జరిగి, తన శిష్యుడి ముందు దోసిలి పట్టాడు. ఎనభై ఏళ్ళ మనిషి. దర్గాలో ప్రసాదానికి పట్టినట్టు పట్టాడు.

ఓబులేసు బిళ్ళను ఆ దోసిట్లో పెట్టాడు.

లాలప్ప ‘బిస్మిల్లా’ అనుకుని, బిళ్ళను రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. తువ్వాలు కొసలో మూటగట్టి, ముడి బిగించాడు.

“ఇప్పుడు చెల్లింది,” అన్నాడు. విల్లు తీసుకుని తన పనిలో పడ్డాడు.

ఓబులేసు బయటికి వచ్చాడు.

బస్తాల నీడ పొడుగయ్యింది. సుంకమ్మ లేవడానికి సిద్ధంగా ఉంది, చెప్పులు వేసుకుంటోంది. అన్న ఎదురుగా వచ్చి నిలబడేసరికి ఒక చెప్పు వేసుకుని, ఒకటి వేసుకోకుండా అలాగే ఉండిపోయింది. ఓబులేసు ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఇన్ని మాటలు తెలిసినవాడికి ఒక్కటీ అందలేదు. రెండు చేతులూ ముందుకు చాచాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. ఆ చేతుల్లో ఏమైనా ఉందేమోనని చూసింది. ఏమీ లేదు. తీసుకోవడానికి చాచాడని అప్పుడు తెలిసింది. తెలిసి, పెదవులు అదిరి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి సర్దుకుని, నడుముకు చుట్టుకున్న పేట ఒకటి విప్పడం మొదలుపెట్టింది. నూలు దారం పేట. చుట్టు మీద చుట్టు, విప్పినకొద్దీ వస్తూనే ఉంది. దాని నిండా ముళ్ళు.

“ఏమిది?” అన్నాడు ఓబులేసు.

“నీ మాటలన్నా,” అంది సుంకమ్మ. “మాటలు తెచ్చియ్యి, తీసుకుంటా అంటివి కదా. నాకు రాయనీకి రాదు. చేలల్లో, బాయికాడ, పురుడుకు పోయిన కాడ, ముసిలోళ్ళ కాడ కూచ్చోని అడిగితి. ఒకో మాటకు ఒకో ముడేసినా. ఐదేండ్ల నించి తెస్తాండా. తాత నాకియ్యి అంటే, అన్న చేతికే ఇస్తా అంటి.”

ఓబులేసు ముళ్ళ మీదికి వంగి చూశాడు.

“పోయినవన్నీ కాదన్నా. అన్ని నాకు యాడ దొరుకుతాయి? మూడు నూర్లు దాటినాయి, అంతే.” ఆమె భయం భయంగా ముళ్ళ మీద వేళ్ళు పోనిచ్చింది. “దినామూ పొద్దున్నే మొదలు నుంచి కొస దాకా చెప్పుకుంటా ఉంటా, మర్చిపోకుండా. అయినా కొన్ని జారిపోతాండాయి. ఇంగ ఆ కొత్త ఊరికి పోతే ఏమైతాయో.”

అతను పేటను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె ఒంటి వేడి దానికి ఇంకా ఉంది. కళ్ళకు అద్దుకున్నాడు. అతని కళ్ళు నిండి ఆ మొదటి ముడి తడిసింది. తొమ్మిదేళ్ళు. తలుపు చాటున, ఏటి ఒడ్డున, సిరాబుడ్డి ముందు. అతనికి తన మీద తనకు పట్టరానంత జాలి, పట్టరానంత కోపం, రెండూ కలిసి వచ్చాయి.

“ఇది ఏమి మాట?” అన్నాడు, మొదటి ముడి పట్టుకుని.

సుంకమ్మ కళ్ళు తుడుచుకుంది. ముడి మీద వేలు పెట్టింది. బడిలో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు, కళ్ళు మూసుకుని చెప్పింది.

“ఎదురుబువ్వ.”

ఓబులేసు నుదురు ముడిపడింది. పోయిన ఇరవై వేలల్లో వెతికాడు, మళ్ళీ పోగేసిన వాటిల్లో వెతికాడు. ఏ పల్లెలోనూ, ఏ పుస్తకంలోనూ ఆ మాట అతనికి తగల్లేదు.

సుంకమ్మ కళ్ళు తెరిచి అతని ముఖం చూసింది. ఆశ్చర్యపోయింది.

“నీకు తెలీదా అన్నా?”

“తెలీదు,” అన్నాడు ఓబులేసు. “నువ్వు చెప్పు.”